పైకప్పు ట్రస్సు

పైకప్పు భారాన్ని గోడలకు లేదా స్తంభాలకు చేరవేసే త్రిభుజాకారపు చట్రమే పైకప్పు ట్రస్సు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కారు గ్యారేజీలకూ, పోల్ బార్నులకూ కలప ట్రస్సులను విరివిగా వాడతారు. భూమిలో పాతిన స్తంభాలే ఆధారంగా కట్టే పెద్ద కొట్టాన్ని పోల్ బార్న్ అంటారు. కట్టడం వెడల్పు, పైకప్పుపై పడే భారం, లోపలి స్థలం వినియోగం అనే మూడింటిని బట్టి ట్రస్సు రకాన్ని నిర్ణయిస్తారు.

నిర్మాణ సూత్రం

నాలుగు కర్రల చట్రాన్ని పక్కనుండి నెడితే ఒరిగిపోతుంది. త్రిభుజం మాత్రం భుజాల పొడవు మారనంతవరకు ఆకారాన్ని కోల్పోదు. ట్రస్సులో వాలుగా రెండు వాసాలు, వాటి కొనలను కలుపుతూ అడుగు దూలం, మధ్యలో అడ్డకర్రలు ఉంటాయి. బరువు పడినపుడు వాసాలు సంపీడనానికి లోనై, కొనలు బయటికి జారజూస్తాయి. అడుగు దూలం వాటిని లాగిపట్టి, తాను తన్యతకు లోనవుతుంది. 1950ల నుండి కీళ్ళను పళ్ళున్న ఉక్కు పలకలతో బిగించే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

ముఖ్య రకాలు

* కింగ్ పోస్ట్: మధ్యలో ఒకే నిలువు కర్ర ఉంటుంది. చిన్న గ్యారేజీలకు అనువైనది. చూడటానికి పూరింటి నిట్రాడులా ఉన్నా దీని పని వేరు. నిట్రాడు నేలపై నిలిచి నడికొప్పును మోస్తుంది. ఈ కర్ర నడికొప్పు నుండి వేలాడుతూ అడుగు దూలం కుంగకుండా పట్టి ఉంచుతుంది.
* ఫింక్: అడ్డకర్రలు ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం ఆకారంలో ఉంటాయి. తక్కువ కలపతో ఎక్కువ వెడల్పును కప్పుతుంది కనుక గ్యారేజీలలో సర్వసాధారణం. రైల్వే ఇంజనీరు ఆల్బర్ట్ ఫింక్ (1827–1897) పేరు మీదుగా ఈ పేరు వచ్చింది.
* కత్తెర ట్రస్సు: అడుగు కర్రలు కూడా మధ్యకు పైకి వాలి ఉంటాయి. కారును పైకెత్తే యంత్రానికి కావలసిన ఎత్తు లభిస్తుంది. అడుగున తిన్నని దూలం లేనందున బరువుకు కొనలు కొంత పక్కకు జరుగుతాయి. ఇందుకు ముందే ఏర్పాటు ఉండాలి.
* అటక ట్రస్సు: మధ్యలో గదికి చోటు వదులుతారు. అడుగు దూలమే ఆ గదికి నేల కనుక దానిని మందమైన కలపతో చేస్తారు.

ట్రస్సుల మధ్య దూరం

గ్యారేజీలలో ట్రస్సుల మధ్య దూరం సాధారణంగా 2 అడుగులు. పోల్ బార్నులలో స్తంభాల దూరాన్ని అనుసరించి 8 అడుగులు లేదా అంతకు మించి కూడా ఉంటుంది. ఉదాహరణకు, 30 అడుగుల వెడల్పు గల కప్పుపై చదరపు అడుగుకు 30 పౌన్ల మంచుభారం పడిందనుకుందాం. 2 అడుగుల దూరంలో ఒక్కో ట్రస్సు మోయవలసినది 30 × 2 × 30 = 1,800 పౌన్లు. 8 అడుగుల దూరంలో అది 7,200 పౌన్లు అవుతుంది. అందువలన గ్యారేజీకి చేసిన ట్రస్సును, వెడల్పు సరిపోయినంత మాత్రాన, పోల్ బార్నుకు వాడరాదు.

జాగ్రత్తలు

మామూలు ఫింక్ ట్రస్సు అడుగు దూలంపై సామాను నిల్వచేయడం ప్రమాదకరం. అటక కావాలంటే ట్రస్సులు చేయించేటపుడే చెప్పాలి. చోటు కోసం ఒక్క అడ్డకర్రను కోసినా బలాల సమతౌల్యం చెడి కప్పు కూలవచ్చు. నిలబెట్టేటపుడు తాత్కాలిక కట్లు వేయకపోతే ఒక ట్రస్సు ఒరిగి మిగిలినవాటిని వరుసగా పడగొడుతుంది. పెనుగాలి కప్పును పైకి లేపుతుంది కాబట్టి ట్రస్సు కొనలను గోడలకు లేదా స్తంభాలకు లోహపు పట్టీలతో బిగించాలి.