నలభై దాటాక సున్తీ: ఎందుకు? ఎలా?

గుంటూరు కొత్తపేటలో ఏ యూరాలజీ క్లినిక్ ముందైనా కాసేపు కూర్చుంటే తెలుస్తుంది. పర్చూరు నుంచో పెదనందిపాడు నుంచో వచ్చిన రైతు లోపలికెళ్లి "మూత్రంలో మంట సార్" అంటాడు. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితేగానీ అసలు సంగతి బయటికి రాదు. ముందు తోలు వెనక్కి రావడం లేదు, అంచులు చీలుతున్నాయి, భార్య దగ్గరికి వెళ్లాలంటే భయం. ఆపరేషన్ పేరు వినగానే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే.

"మేం సాయిబులం కాదు కదండీ, మాకెందుకు?"

ముస్లిం ఇళ్లలో మగపిల్లలకు చిన్నప్పుడే చేయించేది ఆచారం. మీకు చేసేది వైద్యం. మతానికీ దీనికీ సంబంధం లేదు.

ఇంతకాలం లేని బిగుతు నలభై యాభై ఏళ్లకు వచ్చిందంటే ముందు షుగర్ చూపించుకోవాలి. షుగర్ ఉందని కొందరికి తెలిసేది ఇలాగే. మూత్రంలో చక్కెర పోతుంటే ఆ తడి తోలు కింద నిలిచి కాండిడా అనే శిలీంధ్రం పెరుగుతుంది. దురద, మంట, తెల్లటి పూత వస్తాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తాయి. పగిలిన అంచు మానినప్పుడల్లా మచ్చకట్టి ఇంకాస్త బిగుస్తుంది. ఇదే ఫైమోసిస్.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు చక్కెరను మూత్రంలోకే పంపిస్తాయి కాబట్టి, వాటితో ఈ బాధ మరికొందరికి వస్తుంది. మన దేశంలో మొదటిదాని పేటెంట్ 2020లో, రెండోదాని పేటెంట్ 2025లో ముగియడంతో ధరలు దిగాయి, వాడేవాళ్లూ పెరిగారు. గుండెకూ కిడ్నీకీ మేలుచేసే మందులవి. మీ అంతట మీరు మానేయకండి, ఇలా అవుతోందని డాక్టరుకు చెప్పండి.

కోయకుండా కుదరదా?

చాలాసార్లు కుదురుతుంది. తోలు మెత్తగానే ఉంటే స్టెరాయిడ్ క్రీము నాలుగు నుంచి ఎనిమిది వారాలు రాసి చూస్తారు. గట్టి మచ్చ పడ్డా, తోలు తెల్లబారి కాగితంలా అయినా క్రీము మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు. అలాంటప్పుడు తీసిన ముక్కను బయాప్సీకి పంపుతున్నారా అని అడగండి. మానని పుండో గడ్డో ఉంటే కాన్సర్ అనుమానం తేలాలి.

ఎయిడ్స్ రాదని సున్తీ చేయించుకోవచ్చా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. ఆఫ్రికాలో జరిగిన పరీక్షల్లో ఆడవాళ్ల నుంచి మగవాళ్లకు హెచ్‌ఐవీ సోకే అవకాశం సుమారు 60 శాతం తగ్గింది. దాన్నిబట్టి 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి బాగా ప్రబలిన ఆఫ్రికా దేశాల కోసం దీన్ని సిఫారసు చేసింది. అది కండోమ్‌కు బదులు కాదు.

ఎలా చేస్తారు?

ముందు షుగర్, రక్తపరీక్షలు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పాలి. అంగం మొదట్లో మత్తు సూది వేస్తారు, అసలు నొప్పి ఆ సూదిదే. కొందరికి నడుముకు ఇస్తారు. అరగంట, ముప్పావుగంటలో తోలు తీసి, వాటంతటవే కరిగే కుట్లు వేస్తారు. సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తారు. లేజర్, స్టేప్లర్ అని బోర్డులు చూసి ఖర్చు పెంచుకోకండి. స్టేప్లర్‌తో పని త్వరగా అవుతుంది, నిజమే. పుండు మానడానికి పట్టే కాలం మాత్రం రోజుల్లోకి దిగదు.

తర్వాత?

మొదటి రెండు మూడు రోజులు సలుపు, వాపు. లుంగీయే కడుతుంటారు మనవాళ్లు, హాయే. కానీ లోపల బిగుతైన డ్రాయరు వేసుకుని, అంగాన్ని బొడ్డు వైపు నిలిపి ఉంచితే వాపు త్వరగా తీస్తుంది. వేలాడితే నీరు దిగి ఉబ్బుతుంది. తెల్లవారుజామున నిద్రలో అంగం గట్టిపడి కుట్లు లాగుతాయి. చాలామంది హడలిపోయేది అప్పుడే. లేచి మూత్రం పోసుకుని నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది, కుట్లు తెగడం అరుదు.

నాలుగైదు రోజులకు కుట్ల దగ్గర పసుపుపచ్చ పొర కడుతుంది. దుర్వాసన, జ్వరం లేకపోతే అది చీము కాదు, పుండు మానుతున్న గుర్తు. గోకకండి, పసుపూ కాఫీపొడీ అద్దకండి. పప్పు తింటే చీము పడుతుందని ఇంట్లో పథ్యం పెడతారు. ఇది పూర్తిగా తప్పు. కొత్త కండ కట్టడానికి పప్పూ గుడ్డూ కావాలి. షుగర్ ఉన్నవాళ్లు తగ్గించాల్సింది అన్నం.

మన ప్రాంతానికే చెప్పాల్సిన మాట ఒకటుంది. కల్లంలో మిరపకాయలు ఏరిన చేతులతో మూత్రానికి వెళ్లకండి. కారం నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో సరిగా కరగదు. ఉత్త నీళ్లతో కడిగిన చెయ్యి కుట్లకు తగిలితే ఆ మంట చెప్పనలవి కాదు. సబ్బుతో రెండుసార్లు రుద్దండి.

కూర్చుని చేసే పనికి వారంలో వెళ్లొచ్చు. మిర్చి టిక్కీలు ఎత్తడం, స్ప్రేయర్ ట్యాంకు మోయడం, బండి మీద గతుకుల దారి రెండు వారాలైనా వద్దు. కుట్లు రెండు మూడు వారాల్లో రాలిపోతాయి. పత్తితీతలూ మిరపకోతలూ ముగిసిన ఎండాకాలంలో తేదీ పెట్టుకుంటే మేలు, చెమటకు శుభ్రం కాస్త ఎక్కువ కావాలి, అంతే. కాపురానికి ఆరు వారాల గడువు. పైకి మానినట్టు కనిపించినా తొందరపడకండి, ఈ సంగతి భార్యకు ముందే చెప్పండి. మగతనం తగ్గుతుందన్న భయం వద్దు. కెన్యా, ఉగాండాల్లో వేలమందిని గమనించిన పరీక్షల్లో అలా తేలలేదు.

కట్టు తడిసేలా రక్తం కారినా, మూత్రం రాకపోయినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆపరేషన్ కానివాళ్లకూ ఒక హెచ్చరిక. వెనక్కి లాగిన తోలు ముందుకు రాక, ముందు భాగం ఉబ్బిపోతే సిగ్గుపడి తెల్లారేదాకా ఆగకండి. రక్తప్రసరణ ఆగితే కండ చచ్చుబడుతుంది. గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో అత్యవసర విభాగం రాత్రిపూటా తెరిచే ఉంటుంది.