బాగ్-ఎ-ఆమ్ నుండి బాలభవన్ వరకు: నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ చరిత్ర

ప్రత్యేక వ్యాసం

హైదరాబాదు: నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌ను ఉదయపు నడకకు వచ్చువారు తోటగాను, పాత్రికేయులు శాసనసభకు ఆనుకొని ఉన్న ప్రాంగణంగాను, నగరంలోని బడిపిల్లలు జవహర్ బాలభవన్ ఉన్న చోటుగాను ఎరుగుదురు. ఒకే స్థలానికి ఇన్ని గుర్తింపులు ఏర్పడుట వెనుక సుమారు నూట ఎనభై సంవత్సరాల చరిత్ర ఉన్నది. తోటగా ఆరంభమైన స్థలం క్రమంగా సంస్థల సముదాయంగా మారిన చరిత్ర అది.

నిజాం పాలనలో 1846లో ఈ తోట నెలకొల్పబడింది. అప్పటి పేరు బాగ్-ఎ-ఆమ్. తెలుగు లిపిలో చదివినవారు దీనిని మామిడితోటగా పొరబడుటకు అవకాశం ఉన్నది. ఉర్దూలో మామిడిపండుకు, సామాన్య ప్రజకు వాడే మాటలు రెండూ మన లిపిలో ‘ఆమ్’గానే వ్రాయబడును. అక్షరాలు మాత్రం వేరు. ఇది ప్రజల తోట అని భావము. తరువాతి ఆంగ్ల నామం ఈ అర్థాన్నే నిలుపుకొన్నది.

తోటలో వెలసిన కట్టడాలలో ప్రధానమైనది టౌన్ హాల్. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ 40వ జన్మదినం గుర్తుగా, ప్రజల విరాళాలతో 1905లో ప్రారంభమైన ఈ భవనం 1913లో పూర్తయినది. 1911లో మరణించిన ఆయన దీనిని పూర్తిరూపంలో చూడలేదు. పౌరసభల కొరకు ఉద్దేశించిన ఈ భవనం అనంతరం శాసనసభా భవనమైనది. 1956 నుండి ఆంధ్రప్రదేశ్‌కు, 2014 నుండి తెలంగాణకు ఇది చట్టసభాస్థానం. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో వెలగపూడికి తరలివెళ్లినది. భద్రతా కారణాలరీత్యా ఈ భాగంలోకి సామాన్య సందర్శకులకు ప్రవేశం లేదు. ప్రజలు చందాలు వేసి కట్టించుకొన్న హాలు ప్రజలకు దూరమగుట ఎవరి తప్పిదమూ కాదు గాని, తోట విస్తీర్ణాన్ని లెక్కించునపుడు దీనిని మరువరాదు.

షాహీ మసీదు, 1930లో ఏర్పడిన పురావస్తు ప్రదర్శనశాల, ఏడవ నిజాం పాలన రజతోత్సవాలు 1937లో జరిగిన జూబిలీ హాలు, 1980వ దశకంలో వెలసిన లలితకళాతోరణం ఇవన్నీ ఒక్కొక్కటిగా ఇందులో చోటు చేసుకొన్నవి. ఈజిప్టు మమ్మీని చూచుటకై వచ్చే పిల్లలకు ప్రదర్శనశాలయే ప్రధాన ఆకర్షణ, తోట కాదు. ప్రతి కట్టడానికీ తగిన ప్రయోజనమే చెప్పబడింది. ఏ ఒక్కటీ అనవసరమనుట కష్టం. తోట తరిగినది ఈ కారణంచేతనే.

జంతువుల విషయంలో మాత్రం ఇందుకు భిన్నమైన నిర్ణయం జరిగినది. నగర జంతు ప్రదర్శనశాల ఒకప్పుడు ఈ తోటలోనే ఉండెడిది. పెరుగుతున్న అవసరాలకు ఇక్కడి స్థలం చాలదని గుర్తించి, బహదూర్‌పురా వద్ద నెహ్రూ జంతు ప్రదర్శనశాలను నిర్మించి, 1963 అక్టోబరులో దానిని ప్రజలకు తెరచినారు. ఇక్కడి జంతువులు అచ్చటికి తరలింపబడినవి. ఉన్న తోటనే ఇరుకు చేయక, కొత్త స్థలం వెదకుట నాటి అధికారుల దూరదృష్టికి నిదర్శనం.

1956లో ఢిల్లీలో ఆరంభమైన బాలభవన్ ఉద్యమం 1960వ దశకంలో ఈ తోటకు చేరినది. జవహర్ బాలభవన్‌లో పిల్లలు బడి వేళలకు వెలుపల సంగీతం, నృత్యం, చిత్రలేఖనం, హస్తకళలు నామమాత్రపు రుసుముతో అభ్యసిస్తారు. ఇంటివద్ద వీణగాని, మృదంగంగాని కొనలేని కుటుంబాల పిల్లలకు ఈ సౌకర్యం విలువ ఎక్కువ. ఇతర కట్టడాలు తోటలో ఉండుట యాదృచ్ఛికం. బాలభవన్‌కు మాత్రం తోట అవసరం. పాఠం ముగిసిన పిల్లలు ఆడుకొనుటకు, వారికొరకు వేచియుండు తల్లులు కూర్చొనుటకు చెట్టునీడ కావలెను.

ఉద్యానవన స్థలాల విషయంలో సుప్రీంకోర్టు 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో ఇచ్చిన తీర్పు అధికారులకు మార్గదర్శకం. ప్రజోద్యానానికై లేఅవుటులో విడిచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించుట చెల్లదని అందులో తేల్చబడినది. ఆ కేటాయింపును ప్రశ్నించినవారు ఆ ప్రాంత నివాసులే. పబ్లిక్ గార్డెన్స్ లేఅవుటు స్థలం కాదు, ఇందులోని సంస్థలు ప్రైవేటువీ కావు. అయినను ఖాళీస్థలం పౌరుల ఆరోగ్యానికి అవసరమన్న ఆ తీర్పులోని తర్కం ఇచ్చట కూడ వర్తింపదగినదే.

సెప్టెంబరు 17న రాష్ట్రప్రభుత్వ పతాకావిష్కరణ 2022లోను, 2024లోను ఈ తోటలోనే జరిగినది. ఇట్టి ఉత్సవాల వార్తలలోను, శాఖల దస్త్రాలలోను తోట విస్తీర్ణాన్ని పేర్కొనునపుడు, ప్రాంగణం మొత్తం విస్తీర్ణాన్ని, ప్రజలు స్వేచ్ఛగా తిరుగగల భాగాన్ని వేర్వేరుగా చూపుట సమంజసం.