అశ్వాలంకరణము

పాండవులు విరాటరాజు కొలువులో అజ్ఞాతవాసము గడపినపుడు నకులుడు దామగ్రంథి యను పేరుతో అశ్వశాలలో కుదిరిన కథ అందఱు నెఱిగినదే. రాజకుమారుడై యుండియు నతడు గుఱ్ఱములను సాకు పనిని తక్కువగా తలపలేదు. ఆ పనిలో తనకు గల నేర్పునే చెప్పుకొని కొలువు సంపాదించెను. గుఱ్ఱమును సాకుట యొక విద్య. ఆ విద్య నేటికిని పెక్కుదేశములలో నిలిచియున్నది. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరుగు ‘హంటర్’ పోటీలకు గుఱ్ఱమును సిద్ధపఱచు విధానము అందులకు చక్కని నిదర్శనము.

హంటర్ అనగా వేటకాడని యర్థము. ఈ పోటీలలో ఆ పేరు మనుష్యునకు గాక గుఱ్ఱమునకు చెల్లును. పూర్వము ఇంగ్లండులో సంపన్నులు వేటకుక్కల గుంపును ముందు నడిపించి, గుఱ్ఱములపై నక్కలను తఱుముచుండెడివారు. 18వ శతాబ్దమున పొలములచుట్టు కంచెలు విస్తారముగా వెలసినవి. ముళ్ళపొదలు, కందకములు, రాతిగోడలు వేటగాండ్రకు అడ్డుపడెడివి. వానిని బెదరక దాటుచు, పగలెల్ల రౌతును సుఖముగా మోయగల సాధువైన గుఱ్ఱమే మేలైన వేటగుఱ్ఱ మనిపించుకొనెను. ఆ గుణములను పరీక్షించుటకే హంటర్ పోటీలు ఏర్పడినవి. న్యూయార్కు నగరమున 1883లో ఆరంభమైన జాతీయాశ్వప్రదర్శనము, పెన్సిల్వేనియా రాష్ట్రములోని డెవన్ అను చోట 1896లో ఆరంభమైన ప్రదర్శనము ఇట్టి పోటీలకు పేరెన్నిక గన్నవి. కుక్కలచే నక్కలను తఱిమించి వేటాడుటను ఇంగ్లండు, వేల్సులలో 2004వ సంవత్సరపు చట్టము నిషేధించినది. వేట ఆగినను, వేటగుఱ్ఱమునకు కావలసిన గుణములను మెచ్చు పోటీలు నిలిచియే యున్నవి.

ఈ పోటీలో వేగమునకు బహుమానము లేదు. గుఱ్ఱము ఒకే తీరుగ సాగుచున్నదా, అడ్డు దాటునపుడు ముంగాళ్ళను చక్కగా మడిచి వెన్నును విల్లువలె వంచుచున్నదా, రౌతు చేయు చిన్న సైగకు ప్రశాంతముగా లోబడుచున్నదా యని న్యాయనిర్ణేత చూచును. తల నుండి మూపు మీదుగా నడుము వఱకు సాగు వంపు అతని కంటికి స్పష్టముగా గోచరింపవలెను. జూలు విచ్చియున్నచో అది గాలికి లేచి మెడను కప్పివేయును. అందుచే దానిని చిన్న చిన్న జడలుగా అల్లి మెడకు అంటియుండునట్లు కట్టుదురు. వేటలో జూలు పగ్గములకును ముళ్ళకొమ్మలకును చిక్కుకొనకుండుటకు అల్లిన జడలే నేడు పోటీలలో అలంకారమైనవి.

కాని, యీ యలంకారము పోటీనాడు మొదలగునది కాదు. కొన్ని నెలలకు పూర్వమే అశ్వశాలలో దానికి పునాది పడును. అశ్వపాలకుడు ప్రతిదినము మొట్టమొదట గొరపము చేతబట్టి గుఱ్ఱము మేనిని గుండ్రముగా తోమును. దానిచే ఎండిన మట్టి, చుండు, ఊడిన వెండ్రుకలు పైకి తేలును. పిదప గట్టి కుంచెతో వానిని దులిపి, మెత్తని కుంచెతో వెండ్రుకలు పోవు దిక్కుగా దువ్వును. చర్మములో సహజముగా ఊరు నూనె యిట్లు ప్రతి వెండ్రుకకును ప్రాకును. పోటీనాడు కనబడు నిగనిగలాడు మెఱుగు ఈ నూనెదే. మంచి మేతయు, నిత్యము చేయు తోముడును లేనిచో ఎన్ని పూతలు పూసినను ఆ మెఱుగు రాదు.

గిట్టల విషయమున మఱింత జాగ్రత్త వలయును. ఇనుప కొక్కెముతో గిట్టలోని మట్టిని, రాళ్ళను తీసివేయవలెను. గిట్ట అడుగున త్రికోణాకారమున మెత్తని భాగ మొకటి కలదు. దానికి గాయము కాకుండ కొక్కెమును మడమ వైపునుండి ముందునకు నడపవలెను. నాడా సడలినదా, మేకు లేచినదా యని ఆ సమయముననే చూచుకొనవలెను. తోకను గట్టి దువ్వెనతో లాగరాదు. ఒకమాఱు తెగిన తోక వెండ్రుక తిరిగి పొడవు పెరుగుటకు చాలకాలము పట్టును. కావున చిక్కులను ముందు వ్రేళ్ళతో విడదీయుదురు.

పోటీకి కొన్ని దినములకు ముందే జూలును సవరింతురు. దట్టముగా, పొడవుగా నున్న జూలు చిన్న జడలకు ఒదుగదు. అందుచే దానిని పలుచజేసి సుమారు 4 అంగుళముల పొడవునకు తెత్తురు. పొడవైన వెండ్రుకలను కొద్దికొద్దిగా దువ్వెనకు చుట్టి లాగివేయుట పాతపద్ధతి. ఇది వ్యాయామము తరువాత, మేను వెచ్చగా నున్నపుడు, దినమునకు కొంచెము చొప్పున చేయవలసిన పని. దీనిని సహింపలేని గుఱ్ఱములకు, లాగుట మాని, అంచు పదునుగల దువ్వెనతో కోయుదురు. గుఱ్ఱము బాధను గుర్తించి పద్ధతిని మార్చుకొనువాడే నిజమైన పనివాడు.

స్నానము సాధారణముగా ముందటి దినము చేయింతురు. కాళ్ళపై నుండు తెల్లని మచ్చలను ప్రత్యేకముగా తోమి, ఆరిన పిదప మొక్కజొన్న పిండి అద్ది మఱింత తెల్లగా కనబడునట్లు చేయువారును కలరు. ఐతే జూలును మాత్రము అల్లికకు ముందు కడుగుట మంచిది కాదు. అప్పుడే కడిగిన వెండ్రుక జాఱిపోవును. జడ బిగువుగా నిలువదు.

ఇక అల్లిక. దీనికి కావలసిన పరికరములు కొద్దియే: ఒక పీట, ఒక దువ్వెన, జూలు రంగునకు సరిపోవు ఉన్నిదారము, కొక్కెమువంటి సూది, కత్తెర. ఆచారము ననుసరించి జూలును మెడకు కుడివైపున పడునట్లు దువ్వి, నీటితో తడుపుదురు. చెవుల వెనుకనుండి ఆరంభించి, అంగుళమునకు మించని వెడల్పుగల పాయను దువ్వెనతో కొలిచి వేఱుచేయుదురు. దానిని మూడుగా విభజించి, మెడకు ఆనించి బిగువుగా అల్లుదురు. సగము అల్లినపిదప, మూరెడు దారమును రెండుగా మడిచి అల్లికలో కలిపి, చివరవఱకు అల్లి ముడివేయుదురు. అన్ని జడలును ఇట్లు వ్రేలాడుచుండగా రెండవ పని మొదలగును. జడ మొదటిలో సూదిని పైనుండి దింపి, దారపు కొసలను దానికి తగిలించి మీదికి లాగినచో జడ సగమునకు మడతపడును. ఆ కొసలను జడచుట్టు త్రిప్పి ముడివేసి, మిగిలినది కత్తిరించినచో మెడమీద చిన్న బుడిపెతో కూడిన చదునైన జడ నిలుచును.

అమెరికా పద్ధతిలో ఇట్టి జడలు ఒక్క మెడపై 30 నుండి 40 వఱకు నుండును. అంతకు మించియు నుండవచ్చును. ఇంగ్లండులో ఇంతకంటె తక్కువ సంఖ్యలో, కొంచెము లావైన జడలు వేయుదురు. ముంగురులను వేఱుగా అల్లి లోనికి దోపుదురు. తోకను మొదటినుండి ఇరుప్రక్కల సన్నని పాయలను చేర్చుకొనుచు, తోక యెముక ఉన్నంతవఱకు అల్లి, క్రిందిభాగమును విడిచిపెట్టుదురు. చేయి తిరిగినవానికి జూలు అల్లుటకు గంటయో, అంతకు కొంచెము ఎక్కువయో పట్టును. క్రొత్తవానికి అర్ధదినము గడచినను వింతలేదు. జడలు ఎక్కువకాలము నిలువవు గనుక, పోటీ ఉదయమున నున్నచో ఈ పని రాత్రియే జరుగును. ఊరెల్ల నిద్రించువేళ అశ్వశాలలో చిన్నదీపము క్రింద పీటనెక్కి, ఒక గుఱ్ఱము పిదప మఱియొక గుఱ్ఱమునకు జడలల్లుచు తెల్లవారుదాక నిలుచు పనివారు కలరు. మఱునాడు రంగస్థలమున రౌతు పేరు వినబడును గాని వారి పేరు వినబడదు.

ఐనను వారికి దక్కు గౌరవ మొకటి కలదు. గుఱ్ఱము నోరులేని ప్రాణి. తన బాధను చెప్పుకొనలేదు. దానికి బదులు దానిని తాకు చేయియే చెప్పవలెను. నిత్యము తోముచున్న చేతికి మొన్న లేని వాపు నేడు తగులును. జీను ఒఱసిన పుండు తెలియును. కాలిలో వేడి తెలియును. పోటీనాటి వేకువను నలుబది జడలును అల్లి ముగించినపిదప ముంగాలు వేడిగా నున్నదని తెలిసినచో అశ్వపాలకు డేమి చేయవలెను? రాత్రి పడిన శ్రమ, యజమానుడు చెల్లించిన ప్రవేశరుసుము, రౌతు ఆశ ఒకవైపున నుండును. ఆ కాలు మఱియొకవైపున నుండును. మంచి అశ్వపాలకుడు సందేహింపక యజమానునకు తెలిపి, పశువైద్యుని పిలిపించును. జడలు మరల అల్లవచ్చును. చెడిన కాలితో అడ్డు దుమికించిన గుఱ్ఱము మరల కోలుకొనునో లేదో చెప్పలేము.

ఈ సత్యమును మఱచి, అందము పేర గుఱ్ఱమును హింసించిన కాలమును కలదు. తోక చక్కగా కనబడుటకై దాని యెముకను సగమునకు కోయు ఆచారము పూర్వముండెను. తోక లేని గుఱ్ఱము ఈగలను తోలుకొనజాలదు. బ్రిటన్‌లో 1949వ సంవత్సరపు చట్టము ఈ పనిని, వైద్యకారణము లేనిదే చేయరాదని నిషేధించినది. మూతిచుట్టు నుండు మీసములవంటి వెండ్రుకలను నున్నగా గొఱుగు ఆచారమును ఇట్టిదే. గుఱ్ఱమునకు తన మూతి ముందున్న వస్తువు కనబడదు. ఆ వెండ్రుకల స్పర్శచేతనే అది మేతను, గోడను, తొట్టి అంచును గుర్తించును. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య 2021 జూలై 1 నుండి, ఆ వెండ్రుకలు గొఱిగిన గుఱ్ఱములను తన పోటీలలోనికి రానీయరాదని నియమము చేసినది. హంటర్ పోటీ ఆ సమాఖ్య నడపు క్రీడలలో చేరినది కాకున్నను, ఆ నియమములోని ధర్మము అన్ని అశ్వశాలలకును వర్తించునదే.

పోటీ ముగియగనే జడలను విప్పవలెను. అట్లే విడిచినచో మెడ దురదపెట్టి గుఱ్ఱము గోడకు రాచుకొనును, జూలు తెగిపోవును. దారమును మాత్రమే జాగ్రత్తగా తెంచి, జూలును తడిపి దువ్వి, కాళ్ళు మరల తడవి చూచి, నీళ్ళు మేత పెట్టిన పిదపనే అశ్వపాలకుని దినము ముగియును. బహుమానముగా వచ్చిన పట్టీ గోడకు వ్రేలాడుచుండును. గుఱ్ఱమునకు దానితో పనిలేదు. తన మెడపై ప్రతిదినము తిరుగు చేయి మెత్తనిదా, కరకుదా యను సంగతియే దానికి తెలియును.