మాయ ఆపని విషం

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డ్రైడెన్ అనే చిన్న ఊరుంది. అక్కడి కాగితపు మిల్లుకు గుజ్జును తెల్లబరచడానికి క్లోరిన్ కావాలి. ఉప్పునీటిలోకి కరెంటు పంపి క్లోరిన్ తీసే పనిలో ఆ రోజుల్లో పాదరసం వాడేవారు. 1962 నుంచి 1970 దాకా దాదాపు 9 టన్నుల పాదరసం అలా వాబిగూన్ నదిలో కలిసింది. దిగువన గ్రాసీ నారోస్, వైట్‌డాగ్ అనే ఓజిబ్వే ఆదివాసీల ఊళ్లున్నాయి. వాళ్లకు తిండీ చేపే, సంపాదనా చేపే. వాలై అనే చేపను పట్టి అమ్ముకునేవారు, వేటకొచ్చే పర్యాటకులకు దారి చూపించేవారు. చేపల్లో పాదరసం ఉందని 1970లో తేలడంతో అమ్మకానికి చేపలు పట్టడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఊళ్లో బతుకుతెరువు పోయింది, నదిలో విషం మాత్రం ఉండిపోయింది.

ఇంత పెద్ద నదిలో కొట్టుకుపోదా అనిపిస్తుంది. పోదు. పాదరసం అడుగు బురదలోకి దిగుతుంది. గాలి సోకని ఆ బురదలో బతికే కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. దీన్ని నాచు పీల్చుకుంటుంది, నాచును పురుగులు తింటాయి, పురుగుల్ని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. తిన్నది త్వరగా బయటికి పోదు కాబట్టి ఒక్కో మెట్టుకూ మోతాదు పెరుగుతుంది. నీటిలో ఉన్నదానికి పది లక్షల రెట్లకు పైగా పెద్ద వేటచేపలో చేరగలదు. ఫ్యాక్టరీయే ఉండాలని కూడా లేదు. బొగ్గు కరెంటు కేంద్రాల పొగ నుంచి వచ్చి పడ్డా చాలు. కొత్తగా కట్టిన రిజర్వాయరులో మునిగిన నేలలోనూ ఈ బ్యాక్టీరియా జోరుగా పనిచేస్తుంది.

1975లో గ్రాసీ నారోస్‌కు జపాన్ నుంచి ఒక డాక్టరు వచ్చాడు. పేరు మసాజుమి హరాడా. మినమాటా పట్టణంలో పుట్టుకతోనే నడవలేని, మాట్లాడలేని పిల్లల్ని ఆయన ఏళ్ల తరబడి చూశాడు. అక్కడ రసాయన ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం వల్ల పెద్దవాళ్లకు వచ్చిన జబ్బు 1956లోనే బయటపడింది. పసిపిల్లల దగ్గరికొచ్చేసరికి వైద్యులు అడ్డం తిరిగారు. వీళ్లు చేప తిననేలేదు కదా, తల్లి ఒంట్లోని విషాన్ని మాయ ఆపేస్తుంది కదా అన్నారు. తల్లులకు పెద్దగా జబ్బు లేకపోవడం ఆ వాదనకు బలమిచ్చింది. చనిపోయిన పిల్లలకు శవపరీక్ష చేశాక, 1962లో గానీ అసలు సంగతి ఒప్పుకోలేదు. తర్వాత హరాడాకు సాక్ష్యం జనం ఇళ్లలోనే దొరికింది. మన దగ్గర బొడ్డు పేగును తాయెత్తులో పెట్టి పిల్లల మొలకు కట్టినట్టే, జపాన్ ఇళ్లలో ఎండిన బొడ్డుతాడును పెట్టెలో దాచుకుంటారు. వాటిని సేకరించి పరీక్షిస్తే మిథైల్ పాదరసం కనిపించింది.

మాయ ఎందుకు ఆపలేదంటే, మోసపోయింది కనుక. మిథైల్ పాదరసం శరీరంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో జతకడుతుంది. ఆ జంట అచ్చం మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లంలా ఉంటుంది. బిడ్డకు అవసరమైన పోషకమే వచ్చిందనుకుని మాయ దారి ఇస్తుంది, మెదడు కూడా ఇస్తుంది. బొడ్డుతాడు రక్తంలో పాదరసం తల్లి రక్తంలో కన్నా ఎక్కువగా ఉంటుంది. నాడీకణాలు పుట్టి తమ తమ చోట్లకు చేరుకుంటున్న కాలమది. మోతాదు ఎక్కువైతే మినమాటా పిల్లల్లా అవుతారు. తక్కువైతే పైకి ఏమీ కనబడదు. పైలట్ తిమింగలం మాంసం తినే ఫారో దీవుల తల్లుల పిల్లల్ని ఏడేళ్ల వయసులో పరీక్షించినప్పుడు మాటలో, ఏకాగ్రతలో, జ్ఞాపకంలో చిన్న చిన్న లోపాలు బయటపడ్డాయి. అయితే చేపలు బాగా తినే సీషెల్స్ దీవుల పిల్లల్లో అంత స్పష్టమైన నష్టం కనిపించలేదు. చేపలోని ఒమేగా-3 కొవ్వులు మెదడుకు చేసే మేలు దీనికి ఒక కారణం కావచ్చు.

కాబట్టి కడుపుతో ఉన్నవాళ్లను చేప మానేయమనడం తప్పు సలహా. ఏ చేప అన్నది చూసుకోవాలి. మన చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె ప్రధానంగా నాచూ తవుడూ తిని, ముదరకముందే మార్కెట్టుకొస్తాయి. పాదరసం పోగవడానికి అంత వ్యవధి ఉండదు. చేపల్ని తినే వాలుగ, కొరమీను ఒక మెట్టు పైన ఉంటాయి. నదిలో పట్టిన పెద్ద వాలుగను ఆ నెలల్లో తరచుగా తినకపోవడం మేలు. పులుసు పెట్టినా వేపుడు చేసినా పాదరసం పోదు, అది కొవ్వులో కాదు, కండలో ఉంటుంది. తిన్నదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 50 రోజులు పడుతుంది. అందుకని జాగ్రత్త గర్భానికి ముందే మొదలవ్వాలి.

అమెరికా ప్రభుత్వం గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా పాదరసం తక్కువున్న చేపలు తినమంటుంది. సొరచేపను వాళ్లూ, పిల్లలూ పూర్తిగా మానాలంటుంది. అక్కడి సరస్సుల్లో గాలం వేసే మనవాళ్లు తామున్న రాష్ట్రం ఏ సరస్సు చేపకు ఏ హెచ్చరిక ఇచ్చిందో చూసుకోవాలి. ఇక మన తీరంలో పాలు పడతాయని బాలింతకు పాలసొర పెడతారు. పాల కోసమే అయితే ఆ ముక్క బదులు శీలావతి పులుసు వడ్డించండి.