తులాధారుని త్రాసు



దేవునికి కొట్టెడి కొబ్బరికాయ, అమ్మవారికి సమర్పించెడి మూరెడు పూలు, వీని ధరను గూర్చి ధర్మప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. భూమి తగవు వచ్చినచో కాగితములు, సాక్షులు, న్యాయస్థానము కలవు. పది ఇరువది రూపాయల కొనుగోలునకు అవి యేవియు లేవు. మూర తక్కువైనదని వ్యాజ్యమునకు పోవువాడు లేడు. అచట అమ్మువాని మనస్సే సాక్షి, వాని చేయియే కొలత. కనుకనే మన పెద్దలు ఈ చిన్న బేరమును చిన్నదిగా నెంచలేదు.

మహాభారత శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు జాజలి కథ చెప్పినాడు. జాజలి యను విప్రుడు కదలక మెదలక తపస్సు చేయుచుండగా ఆయన జటలలో పక్షులు గూడు కట్టి, గ్రుడ్లు పెట్టి, పిల్లలను చేసినవి. ఆ పిల్లలకు రెక్కలు వచ్చి యెగిరిపోవువరకు ఆయన కదలలేదు. అంతట, ధర్మమున తనకు సాటి లేడని గర్వించెను. కాశీలోని తులాధారునకు నీవు సాటి రావని అశరీరవాణి పలికెను. జాజలి వెదకికొని పోయి చూడగా ఆ తులాధారుడు అంగడిలో కూర్చుండి సుగంధద్రవ్యములు, రసములు అమ్ముకొనుచున్నాడు! మద్యము మాత్రము అమ్మడు. ఒకరి వద్ద కొన్నదానిని కపటము లేక మరియొకరికి అమ్మును. ఆయన త్రాసు సర్వప్రాణులకును ఒక్కటే. కథ విన్నవారు జటలలోని పక్షులను జ్ఞాపకముంచుకొందురు గాని, త్రాసును మరచిపోవుదురు.

అందరికిని ఒక్కటే యనుటలోనే కీలకమున్నది. ధర హెచ్చుట అధర్మము కాదు. ముహూర్తముల దినములలో కడియము పూల అంగడిలోనే వెల పెరిగినచో, గుడి ముంగిట పూలమ్మ హెచ్చుగా అడుగుట న్యాయమే. సరుకు ఎచటినుండి వచ్చినది, ఎంతకాలము నిలువయున్నది, వ్యయమెంత అని విచారించి ధర నిర్ణయింపవలెనని మనువు చెప్పినాడు. యాజ్ఞవల్క్యుడును, కౌటిల్యుడును స్వదేశపు సరుకుపై నూటికి 5, పరదేశపు సరుకుపై నూటికి 10 లాభము తగునన్నారు. కాని భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థమునకు వచ్చినవానిని మాటతీరును బట్టి పొరుగూరివాడని గ్రహించి, కోనసీమ కొబ్బరికాయకే ఊరివానికొక ధర, వానికొక ధర చెప్పినచో? చెట్టు అదే, కాయ అదే. హెచ్చినది సరుకు వెల కాదు, అది కొనువాని తెలియనితనమునకు కట్టిన వెల. ఊరివాడు మోసపోయినచో మరునాడు వేరు అంగడికి పోవును. ఆ భయముచేత వానికి న్యాయము జరుగును. 2027లో రానున్న గోదావరి పుష్కరములకు దూరదేశములనుండి వచ్చువాడో, మరల పండ్రెండేండ్లకు గాని రాడు. అట్టివానిని తూచునప్పుడే త్రాసు సంగతి తెలియును.

పూర్వము మన సీమలో ధాన్యము కుంచములతోను, పాలు, నూనె సోల గిద్దలతోను, బెల్లము వీశెలతోను సాగెడివి. కొలుచువాడు ‘ఒకటి’ యనక ‘లాభము’ అని లెక్క మొదలిడెడివాడు. ఏడు అనినచో ఏడుపు స్ఫురించునని ‘ఆరున్నొక్కటి’ అనెడివాడు. కొలత ముగిసిన పిదప పిడికెడు కొసరు వేసెడివాడు. కొసరు దానము కాదు. నా కొలతలో నాకు తెలియని లోపమున్నచో ఇది సరిపెట్టునని చెప్పుట.

1958 నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా వచ్చినవి. నేటి నియమముల ప్రకారము తూనికరాళ్లకు 2 సంవత్సరములకు, ఎలక్ట్రానిక్ కాటాకు సంవత్సరమునకు ఒకసారి పరీక్ష జరిగి ముద్ర పడవలెను. మనువు ఆరు మాసములకే పరీక్షింపుమన్నాడు. ఆయన కొంచెము గట్టివాడు! కాని మూరకు ముద్ర వేయువారెవ్వరు? పూలమ్మ చేయి పొట్టిదైనచో దోషము కాదు. పూలను ఎడముగా కట్టి, మోచేతిని మడచి కొలుచుట దోషము.

ఇక కొనువారి మాట. పొట్లముపై అచ్చువేసిన గరిష్ఠ ధరను మించి అమ్మరాదు గాని, తగ్గించి అమ్మవచ్చును. అయినను మనము అచట నోరెత్తము. పూలమ్మ వద్ద మాత్రము రెండు రూపాయలకు గీచి గీచి బేరమాడుదుము. బేరము తప్పు కాదు, అది వెల తెలిసికొను మార్గము. ప్రొద్దు క్రుంకిన పిదప పూలు వాడిపోవునని, ఆమెకు ఆగుటకు వీలు లేదని యెరిగి సగమునకు అడుగుట వేరు. పొరుగూరివాని తెలియనితనమును అంగడివాడు వాడుకొనుటకును, ఆమె అవసరమును మనము వాడుకొనుటకును భేదము మాకు కానరాదు. అచట కానుకపెట్టెలో నూరు రూపాయలు వేసినంతమాత్రమున ఈ లెక్క తీరదు.

గుడి ముంగిట కొబ్బరికాయ, పూలు, అరటిపండ్ల ధరలు పలకపై వ్రాసి కట్టించుట కష్టమైన పని కాదు. ఉదయము వెల మారినచో తుడిచి మరల వ్రాయవచ్చును. అక్షరములు రానివారికి అంగడివాడే చదివి చెప్పవలెను.