లబుబు నుంచి బార్బీ దాకా.. దొరకని బొమ్మకే అంత క్రేజా? 'లిమిటెడ్ ఎడిషన్' వెనుక అసలు లెక్క ఇదీ!

చేతిలో పట్టేంత బొమ్మ. పొడుగు చెవులు, నోటి నిండా కోరపళ్లు. దాని కోసం లండన్‌లో తెల్లవారకముందే క్యూ కట్టారు, కొన్నిచోట్ల కొట్టుకున్నారు కూడా. గొడవలు ముదరడంతో 2025 మే నెలలో బ్రిటన్ షాపుల్లో ఆ బొమ్మల అమ్మకాలను కంపెనీయే కొంతకాలం ఆపేసింది. మరుసటి నెలలో బీజింగ్‌లో జరిగిన వేలంలో మనిషంత ఎత్తున్న అదే బొమ్మ 10 లక్షల 80 వేల యువాన్లకు అమ్ముడైంది. మన లెక్కలో కోటీ పాతిక లక్షల రూపాయలకు పైమాటే. దాని పేరు లబుబు.

బొమ్మ ముద్దుగా ఉందని కొంటున్నారా? లేక దొరకడం లేదు కాబట్టే ఎగబడుతున్నారా? లిమిటెడ్ ఎడిషన్ బొమ్మల మార్కెట్ మొత్తం ఈ ప్రశ్న మీదే నడుస్తోంది. దీనికి జవాబు తెలిస్తే జేబులోంచి వెళ్లే డబ్బు విషయంలోనూ ఒక క్లారిటీ వస్తుంది.

కొరతలోనూ మూడు రకాలు

'లిమిటెడ్' అనే మాట ఒక్కటే అయినా, బొమ్మల విషయంలో కొరత మూడు రకాలుగా ఉంటుంది.

మొదటిది, కాలం తెచ్చిన కొరత. 1959లో వచ్చిన మొట్టమొదటి బార్బీ అప్పట్లో 3 డాలర్ల బొమ్మ. అది లిమిటెడ్ ఎడిషన్ కానే కాదు, లక్షల్లో అమ్ముడైంది. మరి ఇప్పుడు వేల డాలర్లు ఎందుకు పలుకుతోంది? పిల్లలు దానితో ఆడుకున్నారు కాబట్టి. జుట్టు కత్తిరించారు, చెప్పులు పోగొట్టారు, చివరికి పారేశారు. పెట్టెతో సహా చెక్కుచెదరకుండా మిగిలినవి చాలా తక్కువ.

రెండోది, కంపెనీ కావాలని సృష్టించే కొరత. ఇన్ని మాత్రమే చేస్తాం, ఫలానా తేదీ తర్వాత ఆపేస్తాం అని ముందే చెప్పేస్తారు. దీనికి చివరి మెట్టు ప్రపంచంలో ఒక్కటే బొమ్మ. ఆభరణాల డిజైనర్ స్టెఫానో కాంటూరి తయారు చేసిన వజ్రాల నెక్లెస్ బార్బీ అలాంటిదే. 2010లో క్రిస్టీస్ వేలంలో అది 3 లక్షల 2 వేల 500 డాలర్లకు అమ్ముడైంది.

మూడోది, అదృష్టం మీద నడిచే కొరత. అదే బ్లైండ్ బాక్స్. డబ్బు ముందే ఇవ్వాలి, లోపల ఏ బొమ్మ ఉందో మాత్రం పెట్టె విప్పాకే తెలుస్తుంది. లబుబును అమ్మే చైనా కంపెనీ పాప్ మార్ట్ ఎదిగింది ఈ పద్ధతితోనే.

బ్లైండ్ బాక్స్ లెక్క ఎలా ఉంటుందంటే..

లబుబు కీచైన్ సిరీస్‌లలో సాధారణంగా 6 రంగుల బొమ్మలుంటాయి. వీటికి తోడు ఒక 'సీక్రెట్' బొమ్మ ఉంటుంది. అది దొరికే అవకాశం 72 పెట్టెల్లో ఒకటి అని కంపెనీయే చెబుతుంది.

72 పెట్టెలు కొంటే సీక్రెట్ బొమ్మ కచ్చితంగా వస్తుందనుకుంటే పొరపాటే. పెట్టెలను విడివిడిగా కొంటూ పోతే, 72 కొన్న తర్వాత కూడా అది దొరకని అవకాశం దాదాపు 37 శాతం ఉంటుంది. సగం ఛాన్స్ రావాలన్నా 50 పెట్టెల దాకా కొనాలి.

సీక్రెట్ సంగతి పక్కన పెట్టి, మామూలు 6 రంగులూ కావాలనుకున్నా ఇదే తంటా. ఒక్కొక్కటిగా కొంటే సగటున 14 నుంచి 15 పెట్టెలు విప్పాల్సి వస్తుంది. మొదటి మూడు నాలుగు రంగులు తేలిగ్గానే దొరుకుతాయి. చివరి ఒక్కటీ అంత సులువుగా రాదు. చేతిలో ఐదున్నాయి, ఇంకొక్కటే కదా అనిపించి జేబు ఖాళీ అయ్యేది ఇక్కడే. సిరీస్ మొత్తాన్ని ఒకే సెట్‌గా కొంటే మామూలు రంగుల్లో రిపీట్ బాధ ఉండదు కానీ, ఖర్చంతా ఒకేసారి పెట్టాలి.

ఎప్పుడు గెలుస్తామో తెలియనప్పుడు మనిషి ఆట ఆపలేడు. లాటరీ టికెట్‌ది ఇదే సూత్రం, బ్లైండ్ బాక్స్‌దీ ఇదే. అందుకే 8 ఏళ్లలోపు పిల్లలకు బ్లైండ్ బాక్సులు అమ్మకూడదని చైనా మార్కెట్ నియంత్రణ సంస్థ 2023లో మార్గదర్శకాలు తెచ్చింది. ఆపై వయసు పిల్లలకు అమ్మాలన్నా పెద్దల అనుమతి ఉండాలంది.

బిస్కెట్ల జాడీ చెప్పిన నిజం

దొరకనిదాని మీద మనసు ఎందుకు లాగుతుంది? దీనిపై 1975లో అమెరికాలో స్టీఫెన్ వర్చెల్ బృందం చేసిన ప్రయోగం ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తుంది. కొందరికి 10 బిస్కెట్లున్న జాడీ ఇచ్చారు, ఇంకొందరికి 2 మాత్రమే ఉన్న జాడీ ఇచ్చారు. బిస్కెట్లు రెండింటిలోనూ ఒకటే. అయినా రెండే ఉన్న జాడీలోని బిస్కెట్లు ఎక్కువ ఖరీదైనవిగా, ఎక్కువ కోరదగినవిగా అనిపించాయి.

మరో మలుపు కూడా ఉంది. మొదట 10 ఉన్న జాడీ చూపించి, తర్వాత దాన్ని 2కు తగ్గించినప్పుడు కోరిక ఇంకా పెరిగింది. మిగతావాళ్లు తీసుకోవడం వల్లే తగ్గాయని తెలిస్తే అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది. నిన్నటిదాకా షాపులో ఉన్న బొమ్మకు ఈరోజు 'సోల్డ్ అవుట్' బోర్డు పడితే జరిగేది ఇదే.

అయితే అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. బిస్కెట్ కావాలనే కోరిక పెరిగింది కానీ, రుచి మాత్రం ఎక్కువగా ఉందని వాళ్లు చెప్పలేదు. అంటే కొరత ఆశను పెంచుతుంది, తిన్నప్పటి ఆనందాన్ని పెంచదు. పోటీపడి కొన్న బొమ్మ వారం తిరిగేసరికి అలమరలో ఒక మూలకు చేరడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

లిమిటెడ్ కాకపోయినా కొట్టుకున్న రోజులు

కొరతే అన్నిటికీ మూలం అనుకుంటే 1983 అమెరికా కథ అడ్డొస్తుంది. ఆ ఏడాది క్రిస్మస్ సీజన్‌లో క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ బొమ్మల కోసం షాపుల్లో తోపులాటలు జరిగాయి, జనం గాయపడ్డారు. ఇవేమీ లిమిటెడ్ ఎడిషన్ కావు. ఏడాది ముగిసేలోగా దాదాపు 30 లక్షల బొమ్మలు అమ్ముడయ్యాయి.

అక్కడ పనిచేసింది వేరే కిటుకు. ఒక బొమ్మలా మరో బొమ్మ ఉండకుండా ముఖం, జుట్టు, బట్టలు మార్చి తయారు చేశారు. ప్రతిదానికీ ఒక పేరు పెట్టి, దత్తత పత్రం జత చేశారు. పిల్లలకు అది షాపు బొమ్మలా కాకుండా 'నా పాప'లా అనిపించింది. ముందు ఇష్టం పుట్టింది, అందరూ ఒకేసారి కోరుకోవడంతో ఆ తర్వాత కొరత వచ్చింది.

లబుబు కథలోనూ వరుస ఇదే. హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన చిత్రకారుడు కాసింగ్ లంగ్ 2015లో ఈ పాత్రను సృష్టించారు. 2019 నుంచి పాప్ మార్ట్ దీన్ని అమ్ముతోంది. చాలా ఏళ్లు బొమ్మలు సేకరించే వాళ్లకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియదు. 2024 ఏప్రిల్‌లో బ్లాక్‌పింక్ గాయని లిసా సోషల్ మీడియాలో ఈ బొమ్మతో కనిపించాకే ఆసియా అంతా ఊగిపోయింది. అంతకుముందు కూడా బ్లైండ్ బాక్స్ ఉంది, సీక్రెట్ బొమ్మ కూడా ఉంది. లేనిదల్లా కోరుకునే జనమే.

బీనీ బేబీస్ బుడగ పేలిందిలా..

మరి కొరత ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుంది? దీనికి 1990ల నాటి బీనీ బేబీస్ సాక్ష్యం. అమెరికా వ్యాపారి టై వార్నర్ 1993లో మార్కెట్లోకి తెచ్చిన చిన్న మెత్తటి జంతువుల బొమ్మలివి. ఒక్కోటి సుమారు 5 డాలర్లు. పెద్ద చైన్ స్టోర్లకు ఇవ్వకుండా చిన్న గిఫ్ట్ షాపులకే సరఫరా చేశారు. కొన్ని రకాలను 'రిటైర్' చేస్తున్నట్టు ప్రకటిస్తూ వచ్చారు. రిటైర్ అయిన బొమ్మ రేటు రాత్రికి రాత్రే పెరిగేది.

అప్పుడే ఎదుగుతున్న ఈబే వెబ్‌సైట్‌లో ఒక దశలో దాదాపు పదో వంతు అమ్మకాలు వీటివే. పిల్లల చదువుకు పనికొస్తాయని పెట్టెల కొద్దీ కొని దాచినవాళ్లున్నారు. 1999లో లాస్ వెగాస్‌లో విడాకులు తీసుకున్న ఒక జంట అయితే కోర్టు హాల్లో నేల మీద కూర్చుని ఈ బొమ్మలను ఒక్కొక్కటిగా పంచుకుంది.

అదే ఏడాది చివరికల్లా అన్ని బీనీలూ ఆపేస్తామని కంపెనీ ప్రకటించింది. తర్వాత జనం చేత ఓటింగ్ పెట్టించి, కొనసాగిస్తామంది. కానీ అప్పటికే నమ్మకం సడలింది. దాచినవాళ్లంతా అమ్మడానికి బయటికొస్తే కొనేవాడు లేడు. పిల్లలు ఆడి పాడు చేయలేదు, ట్యాగ్ కూడా తీయకుండా అందరూ భద్రంగా దాచారు. ఇక కొరత ఎక్కడిది? పాత బార్బీకి, బీనీకి తేడా ఇదే. 'రేపు రేటు పెరుగుతుంది' అని అందరూ దాచిన వస్తువు రేపు అరుదుగా ఉండదు.

సప్లై పెంచితే ఏమైంది?

కొరతే కారణమా కాదా అని తేల్చడానికి తేలికైన పరీక్ష ఒకటుంది. కావాల్సినన్ని బొమ్మలు మార్కెట్లోకి వదిలి చూడటమే. 2025లో లబుబు విషయంలో సరిగ్గా అదే జరిగింది.

జూన్ మధ్యలో పాప్ మార్ట్ భారీగా స్టాక్ పెంచింది. వెంటనే చైనా రీసేల్ మార్కెట్‌లో ఆ సిరీస్ రేటు దాదాపు సగానికి పడిపోయింది. బ్లాక్‌లో అమ్ముకుందామని కొన్నవాళ్లు చేతులు కాల్చుకున్నారు. ఆగస్టు నాటికి నెలకు దాదాపు 3 కోట్ల మెత్తటి బొమ్మలు తయారు చేసే స్థాయికి చేరామని కంపెనీ చెప్పింది.

కానీ కంపెనీ అమ్మకాలు పడిపోలేదు. 2025 మొదటి ఆరు నెలల్లో లబుబు ఉన్న 'ది మాన్‌స్టర్స్' సిరీస్ ఒక్కటే సుమారు 481 కోట్ల యువాన్లు తెచ్చింది. అంతకుముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఎక్కువ. స్టాక్ పెరిగిన తర్వాతి మూడు నెలల్లోనూ కంపెనీ మొత్తం ఆదాయం 245 నుంచి 250 శాతం పెరిగింది.

దీన్నిబట్టి ఒక్క క్యూలోనే రెండు రకాల జనం ఉన్నారని అర్థమవుతోంది. కొందరికి బొమ్మ కావాలి. కొందరికి ఆ బొమ్మ మీద లాభం కావాలి. కొరత తగ్గగానే రెండో రకం వాళ్ల లెక్క తప్పింది. మొదటి రకం వాళ్లకు మాత్రం మామూలు ధరకే బొమ్మ దొరికింది. అయితే ఈ ఇష్టం ఎన్నాళ్లు నిలుస్తుందనేది వేరే సంగతి. ఆగస్టు గరిష్ఠం తర్వాత కంపెనీ షేరు కూడా కిందికి జారింది.

మన బొమ్మల కొలువు సంగతేంటి?

బొమ్మలు పోగేయడం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. సంక్రాంతికో దసరాకో మెట్లు కట్టి కొలువు పెట్టే ఇళ్లలో తరాల నాటి బొమ్మలుంటాయి. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలన్నది ఆనవాయితీ. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆ మెట్ల మీద కనిపిస్తాయి.

వీటిలో ఏదీ లిమిటెడ్ ఎడిషన్ కాదు. నిజమైన కొరత ఏదైనా ఉందంటే అది చెక్కది. కొండపల్లి బొమ్మకు కావాల్సిన తెల్ల పొణికి చెట్లు తగ్గిపోతున్నాయని కళాకారులు ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నారు. అయినా ఆ కొరతను చూసి ఎవరూ క్యూ కట్టడం లేదు. కొరత ఉన్నంత మాత్రాన క్రేజ్ రాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కొలువులో అన్నిటికంటే పైమెట్టు ఎక్కేది అమ్మమ్మ ఇచ్చిన రంగు వెలిసిన బొమ్మే కావచ్చు. దాని విలువ రేటులో లేదు.

కొనేముందు ఇవి చూసుకోండి

అరుదుగా ఉండటం అప్పటికే ఉన్న ఇష్టాన్ని రెట్టింపు చేస్తుంది, రేటును పెంచుతుంది, తొందరపెడుతుంది. ఇష్టం లేని చోట ఇష్టాన్ని పుట్టించడం మాత్రం దానివల్ల కాదు. అందుకే లిమిటెడ్ ఎడిషన్ అని రాసి ఉన్న పెట్టె కొనేముందు కొన్ని విషయాలు ఆలోచించుకోవాలి.

ఎన్ని తయారు చేశారో నంబర్ చెప్పారా, లేక ఊరికే 'లిమిటెడ్' అని ముద్రించారా? నంబర్ లేకపోతే అదే బొమ్మ రేపు మళ్లీ రావొచ్చు. బ్లైండ్ బాక్స్ అయితే ఎన్ని పెట్టెల దగ్గర ఆపేయాలో ముందే అనుకోవాలి. ఇంట్లో పిల్లలు అడుగుతుంటే ఆ 72లో ఒకటి లెక్కను వాళ్లకూ వివరించాలి.

నకిలీలతోనూ జాగ్రత్త. 'లఫూఫూ' పేరుతో తిరుగుతున్న నకిలీ బొమ్మల భాగాలు ఊడి చిన్నపిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉందని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 2025 ఆగస్టులో హెచ్చరించింది.

ఇక చివరి ప్రశ్న. ఇదే బొమ్మ వచ్చే నెల వీధి చివర షాపులో కావాల్సినన్ని దొరికితే, అప్పుడూ కొంటారా? జవాబు అవును అయితే అది ఇష్టం, కొనుక్కోవచ్చు. కాదు అనిపిస్తే మాత్రం డబ్బు పెడుతున్నది బొమ్మ మీద కాదు, 'సోల్డ్ అవుట్' బోర్డు మీద.