ఫ్లామెంకో నృత్యాభ్యాసము

స్పెయిను దేశపు దక్షిణ భాగమునకు అండలూసియా యని పేరు. సెవిల్, హెరెజ్, కాదిజ్ అను పట్టణములు అందులోనివి. ఫ్లామెంకో యను కళ అచ్చటనే పుట్టి పెరిగినది. గానము, గిటారు వాద్యము, నృత్యము ఈ మూడును ఇందు అంగములు. చూచువారు నర్తకుల పాదవేగమునకు అబ్బురపడుదురు. కాని నేర్చుకొనువారికి మొదట కావలసినది చెవి. ఆ సంగతినే మేమిచ్చట వివరింపదలచితిమి.

మన సంగీతమున తాళమెట్టిదో ఫ్లామెంకోలో 'కొంపాస్' అట్టిది. సొలెయా యను రచనలో ఆవర్తమునకు 12 మాత్రలు; ఊనిక 3, 6, 8, 10, 12 మాత్రలపై పడును. అనగా మూడేసి మాత్రలు రెండు మారులు, పిమ్మట రెండేసి మాత్రలు మూడు మారులు. ఈ సమముకాని నడక వంటబట్టుటకు విద్యార్థులు చప్పట్లతో సాధన చేయుదురు. గాయకుడు పాడునపుడు అరచేతులను దొప్పలవలె చేసి, మాట వినబడునట్లు మెల్లగా కొట్టుదురు.

పిమ్మట అడుగులు. బూట్ల ముందుభాగమునను మడమలయందును చిన్న మేకులుండును. మోకాళ్ళను కొంచెము వంచి, నడుమును నిటారుగా నిలిపి, ముంగాలు, మడమ, నిండుపాదము వేర్వేరుగా మ్రోగునట్లు అభ్యసింపవలెను. ప్రతి ధ్వనియు స్పష్టము కానిదే వేగము పెంచరాదు. పాదములు త్వరపడుచుండగా చేతులు నెమ్మదిగా లేవవలెను; మణికట్టు తిరుగుచుండగా వ్రేళ్ళు ఒకటొకటిగా విచ్చుకొనవలెను. మన హస్తములవలె వీనికి నియతార్థములు లేవు.

అట్లయిన భావ మెచ్చటనుండి వచ్చును? సొలెయా గంభీరమైనది; కాదిజ్ పట్టణపు అలెగ్రియాస్ ఉల్లాసకరమైనది. రెండింటికిని మాత్రలు 12. భేదమంతయు పాటలోను, దానిని విను విధములోను ఉన్నది. గాయకుడు పాడునపుడు నర్తకి అడుగుల సవ్వడి తగ్గించును. చరణము ముగియగానే పాదములతో బదులు చెప్పును. మరల పాట కావలెనన్నచో ఒక గుర్తెరిగిన అడుగువరుసతో గాయకుని పిలుచును. ముఖమున తెచ్చిపెట్టుకొన్న దుఃఖము ఇచ్చట చెల్లదు.

ఈ కళను పోషించినవారిలో హితానోలు ముఖ్యులు. వీరి పూర్వులు సుమారు వేయి సంవత్సరముల క్రిందట భారతదేశపు వాయవ్య భాగమును విడిచి, 15వ శతాబ్దమున స్పెయిను చేరిరి. 1749లో ప్రభుత్వము వీరిని వేలకొలదిగా నిర్బంధించినది. 1783 నాటి శాసనము వృత్తిస్వాతంత్ర్యము నిచ్చుచునే వీరి భాషను, వేషమును నిషేధించినది. క్రమముగా భాషావ్యాకరణము నశించి, కొన్ని మాటలు మాత్రము స్పానిషు వాక్యములలో మిగిలినవి. నీటికి 'పాన్యీ' యను మాట అట్టిది. పాటయు, చప్పట్లును, అడుగును మాత్రము పెండ్లిండ్లలో, ఇంటి కూడికలలో పెద్దలనుండి పిన్నలకు చేరుచు వచ్చినవి. 2010లో యునెస్కో ఫ్లామెంకోను మానవజాతి సాంస్కృతిక వారసత్వమున చేర్చినది.

పరభాషల నడుమ తెలుగు చదువుకొను మన విద్యార్థులు ఇందు గమనింపదగిన దొకటి కలదు. పాఠశాల నేర్పగలిగినది కొంతయే. ఇంట పెద్దల చెంత కూర్చుండి, విని, బదులు పలికినపుడే తక్కినది వచ్చును.